అఫ్ఘాన్ల 700 కోట్ల డాలర్లు వదిలేస్తే వాళ్ల ఆకలి తీరుతుందా?

ఒడిశా గుణుపురంలో కిరాణా కొట్టు నడిపే ఒకాయన అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చే ఇంగువ ధర దగ్గర మొదలుపెట్టి నాలుగు ప్రశ్నలు వేశారు. అఫ్ఘానిస్తాన్ డబ్బును అమెరికా కాజేసిందా? అది తిరిగిచ్చేస్తే అక్కడి జనం కడుపు నిండుతుందా? రేపు మన దేశం డబ్బుకూ ఇదే గతి పడుతుందా? చివరిది సొంత గోడు: ఓడలో పనిచేసే బావమరిది దుబాయి నుంచి పంపిన జీతం "కంప్లయన్స్ హోల్డ్" అని రెండు వారాలుగా కదలడం లేదు, ఏం చెయ్యాలి? రెండో ప్రశ్నకే ఎక్కువ చోటు తీసుకుంటాను. జనం తికమక పడేది అక్కడే.

మొదటిది. మీ వీధిలో ఒక మిషన్ శక్తి సంఘం, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘం ఉందనుకోండి. పదిమంది ఆడవాళ్లు, ఖాతాలో లక్షా ఎనభై వేలు. అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు బయటికొస్తుంది. ఒకరోజు వేరే జట్టు వచ్చి మినిట్స్ పుస్తకం, రబ్బరు ముద్ర లాక్కుని "ఇకమీదట మేమే సంఘం" అంది. పాత అధ్యక్షురాలు ఆ రాత్రే భువనేశ్వర్ బండి ఎక్కేసింది. తెల్లారి కొత్తవాళ్లు విత్‌డ్రా ఫారం పట్టుకుని వెళ్తే మేనేజరు ఇస్తాడా? నమూనా సంతకం కలవలేదని ఖాతా ఆపేస్తాడు. డబ్బు ఆ పదిమందిదే, ఎక్కడికీ పోలేదు. సంతకం పెట్టే చెయ్యి ఎవరిదో తేలకే ఆగింది.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కినప్పుడు జరిగింది ఇదే. వాళ్ల రిజర్వు బ్యాంకు పేరు ద అఫ్ఘానిస్తాన్ బ్యాంక్. దాని విదేశీ నిల్వలు సుమారు 900 కోట్ల డాలర్లు. అందులో 700 కోట్లు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్నాయి. అప్పటి గవర్నరు అజ్మల్ అహ్మదీ దేశం విడిచి వెళ్లాక లెక్క బయటపెట్టాడు: అమెరికా ప్రభుత్వ బాండ్లు 310 కోట్లు, ప్రపంచ బ్యాంకు చేతిలో పెట్టిన పెట్టుబడి 240 కోట్లు, బంగారం 120 కోట్లు, నగదు ఖాతాలో 30 కోట్లు. అంటే డబ్బు కట్టలు అంటూ పెద్దగా లేవు, ఎక్కువ భాగం పద్దులే. విదేశీ కేంద్ర బ్యాంకు ఖాతాను నడిపే హక్కు ఎవరిదో అమెరికా విదేశాంగ మంత్రి ధ్రువీకరించాలి, ఫెడరల్ రిజర్వు చట్టంలో దానికి ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. తాలిబన్ల పేరు మీద ఆ ధ్రువీకరణ రాలేదు.

ఇక్కడిదాకా దొంగతనం అనడానికి లేదు. ఆ మాటకు కాస్త బలం వచ్చింది 2022 ఫిబ్రవరి 11న. అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ 700 కోట్లు రెండు వాటాలయ్యాయి. 350 కోట్లు అఫ్ఘాన్ ప్రజల మేలుకని పక్కన పెట్టారు, మిగతా 350 కోట్లు 2001 సెప్టెంబరు 11 దాడుల బాధితుల కుటుంబాలు వేసిన దావాలు తేలేదాకా ఆపారు. కోడలు చేసిన అప్పుకు అత్తగారి పుస్తెలతాడు జప్తు చేసినట్టుందని చాలామంది మండిపడ్డారు. 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్ జిల్లా జడ్జి జార్జ్ డేనియల్స్ కూడా దాదాపు ఆ దారిలోనే తీర్పిచ్చాడు: దాడుల పరిహారం తాలిబన్ల అప్పు, అది తాలిబన్లే తీర్చాలి, కేంద్ర బ్యాంకు డబ్బును అందుకు తీసుకోవడమంటే తాలిబన్లే ఆ దేశ ప్రభుత్వమని కోర్టు ఒప్పుకున్నట్టవుతుంది, ఆ అధికారం కోర్టుకు లేదు. మొదటి వాటా 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండులో పెట్టిన అఫ్ఘాన్ నిధికి వెళ్లింది. ఖాతా బాసెల్ నగరంలోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకులో ఉంది. ఆ నిధి పెట్టింది డబ్బు విలువ, ధరలు నిలబెట్టడానికి. గోధుమ పిండి పంచడానికి కాదు. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండోది. కేంద్ర బ్యాంకు నిల్వ వేరు, ప్రభుత్వ ఖజానా వేరు. నిల్వలోంచి నర్సుకు జీతం ఇవ్వరు, బడికి బెంచీలు కొనరు. పైగా అందులో కొంత అక్కడి వాణిజ్య బ్యాంకులు దాచిన డాలర్లు, అంటే మామూలు డిపాజిటుదారుల సొమ్ము. నిల్వతో కేంద్ర బ్యాంకు చేసే పని వేరే: ఎప్పటికప్పుడు కొన్ని డాలర్లు వేలం వేసి, బజారులోంచి తన నోట్లు వెనక్కి లాగడం. కాబూల్‌లో సరాయ్ షాజాదా అనే డబ్బు మార్పిడి బజారు ఉంది. మన సంతలో బెల్లం ధర పొద్దున్నే పాటలో తేలినట్టు డాలరు ధర అక్కడ తేలుతుంది. వేలం ఆగితే దిగుమతిదారుకు డాలరు దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. 2021 ఆగస్టుకు ముందు డాలరుకు 80 అఫ్ఘానీల లోపే ఉన్నది ఆ డిసెంబరుకల్లా 120 దాటింది. పిండి, నూనె, మందులు, డీజిలు అన్నీ దిగుమతే కాబట్టి ఆ తేడా నేరుగా రొట్టె మీద పడింది. రొట్టెల కొట్టువాడు ధర పెంచడానికి మొహమాటపడి ఉండ బరువు తగ్గిస్తాడు. ఆ విద్య మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే ఆ శీతాకాలంలో జనాన్ని కూలదోసిన దెబ్బల్లో ఇది ఒకటి మాత్రమే. మొత్తం నాలుగు దెబ్బలు ఒకేసారి పడ్డాయి, నాలుగింటినీ "నిధుల స్తంభన" అనే ఒకే గంపలో వేసేస్తున్నారు.

అన్నిటికన్నా పెద్దది విరాళాలు ఆగడం. అంతకుముందు ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు విదేశీ సాయమే. ఒక్క వారంలో అది ఆగిపోయింది. సేహత్‌మందీ అనే ప్రపంచ బ్యాంకు పథకం మీద నడిచే 2,300 పైగా ఆరోగ్య కేంద్రాల్లో, ఆ సెప్టెంబరు నాటికి పూర్తిగా పనిచేస్తున్నవి 17 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది న్యూయార్క్‌లో ఆగిన డబ్బు కాదు, ఎప్పుడూ అఫ్ఘాన్లది కాని డబ్బు. రెండోది కరువు. ఆ ఏడు వానలు సరిగా లేవు, గోధుమ పంట దెబ్బతింది. ఇది ఎవరి ఆంక్షా కాదు.

మూడోది నోట్ల కొరత. అఫ్ఘానీ నోట్లు బయటి దేశాల్లో అచ్చవుతాయి. అచ్చు వేసేవాడికి డబ్బు ఎలా చేర్చాలి, సరుకు ఎవరి పేరున దింపాలి అన్న భయంతో ఆ పని ఆగింది. పోలండ్‌లో అచ్చయిన నోట్లు మళ్లీ కాబూల్ చేరేసరికి 2022 చివరికొచ్చింది. ఈలోగా చిరిగిన నోట్లు టేపు అంటించుకుని తిరిగాయి. బ్యాంకుల్లో వారానికి 200 డాలర్లు, లేదా 20,000 అఫ్ఘానీలు మించి ఇవ్వలేదు. 2016 నవంబరులో మనకు వారానికి 24,000 అన్నప్పుడు రాయగడ బ్యాంకుల ముందు ఎలా ఉండేదో తలచుకోండి. మనకు అది కొన్ని నెలల్లో సర్దుకుంది. అక్కడ పదిమందికి జీతమిచ్చే చిన్న ఫ్యాక్టరీవాడి సొమ్ము ఖాతాలో ఉండగానే కూలీలు ఇంటికి పోయారు.

నాలుగోది కంటికి కనపడనిది, నా లెక్కలో అన్నిటికన్నా మొండిది: బ్యాంకుల మధ్య దారి తెగడం. ఒక దేశం బ్యాంకు డాలర్లలో చెల్లింపు చెయ్యాలంటే న్యూయార్క్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఒక పెద్ద బ్యాంకులో దానికి ఖాతా ఉండాలి. దాన్ని కరస్పాండెంట్ ఖాతా అంటారు. స్విఫ్ట్ అనేది సందేశం చేరవేసేది మాత్రమే, డబ్బు కదిలేది ఈ ఖాతాల్లోనే. పర్లాకిమిడి వ్యాపారి పాతపట్నం హోల్‌సేలు కొట్టులో ఖాతా పెట్టుకున్నట్టే. చీటీ ఎవరైనా రాస్తారు, హోల్‌సేలువాడు "నీ ఖాతా ఇక వద్దు" అంటే చీటీకి విలువ లేదు.

ఆంక్షల చట్టాల్లో తిండి, మందులకు మామూలుగా మినహాయింపు ఉంటుంది. భద్రతా మండలి 2021 డిసెంబరు 22న 2615 నంబరు తీర్మానంతో అఫ్ఘానిస్తాన్‌కు మానవతా సాయం ఆంక్షల ఉల్లంఘన కాదని చెప్పింది. 2022 ఫిబ్రవరి 25న అమెరికా ఖజానా శాఖ 20వ నంబరు జనరల్ లైసెన్సుతో దాదాపు మామూలు వ్యాపారమంతా అనుమతించింది. కాగితం మీద తలుపు బార్లా తీసి ఉంది. బ్యాంకులు మాత్రం ఆ గుమ్మం దగ్గరికి రాలేదు. కారణం లెక్కే. 2014లో ఫ్రాన్సు బ్యాంకు బీఎన్‌పీ పారిబా ఆంక్షల ఉల్లంఘనకు అమెరికాకు సుమారు 890 కోట్ల డాలర్లు కట్టింది. పదివేల డాలర్ల మందుల బిల్లు మీద బ్యాంకుకు మిగిలేది కమీషను ముక్క, తప్పు జరిగితే పోయేది ఆస్తి. "ఇది చట్టబద్ధమే" అని లాయరు చెప్పినా మేనేజరు "మనకెందుకు" అంటాడు. నేరమని కాదు, భయంతో వదిలేస్తాడు.

అందుకే ఐక్యరాజ్య సమితి 2021 డిసెంబరు నుంచి నోట్ల కట్టలు విమానంలో మోసుకెళ్లింది. ఒక్కో విడత సుమారు 4 కోట్ల డాలర్లు. వంద డాలర్ల నోటు బరువు దాదాపు గ్రాము, కాబట్టి 4 కోట్లంటే నాలుగు లక్షల నోట్లు, 400 కిలోలు, అంటే మీ కొట్టుకు దిగే 50 కిలోల బస్తాలు ఎనిమిది. దానికి అద్దె విమానం, బీమా, కాపలా. దిగాక తాలిబన్ల చేతిలోని కేంద్ర బ్యాంకులో కాకుండా ప్రైవేటు బ్యాంకులో జమ. సాయం చేసే ప్రతి డాలరులో ఈ ఖర్చు కలుస్తుంది. మన దేశం ఇంకో దారి పట్టింది: డబ్బు పంపే బదులు 50,000 టన్నుల గోధుమలు ఇస్తామంది. పాకిస్తాన్ దారి ఇవ్వడానికి నెలలు పట్టింది. 2022 ఫిబ్రవరి 22న అటారీ నుంచి మొదటి విడత 2,500 టన్నులు 50 అఫ్ఘాన్ లారీల్లో కదిలి జలాలాబాద్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమానికి చేరింది. సరుకుకు కరస్పాండెంట్ ఖాతా అక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్నకు జవాబు అఫ్ఘానీ ధరే చెబుతోంది. ఆగిన నిల్వ కాబూల్‌కు తిరిగి రాలేదు. అయినా విమానంలో వచ్చిన డాలర్లు బజారులో పడి, డాలరును బయటికి పోనివ్వకుండా తాలిబన్లు కట్టడి చేసి, 2023 చివరికి డాలరు 70 అఫ్ఘానీల దగ్గరికి దిగింది. కాబూల్ పడిపోకముందుకన్నా మెరుగు! ఆకలి తగ్గిందా? 2021-22 శీతాకాలంలో 2 కోట్ల 28 లక్షల మందికి తిండి కరువని అంచనా వేశారు. తర్వాత ఆ సంఖ్య కొంత తగ్గినా కోటి దాటే ఉండిపోయింది. కొట్టులో పిండి ఉంది, కొనడానికి కూలి లేదు. మధ్యలో 2022 డిసెంబరు 24న తాలిబన్లు స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచెయ్యకూడదన్నారు. ఇంట్లోని ఆడవాళ్లకు సాయం చేర్చే చేతులే కట్టేశారు. కాబట్టి 700 కోట్లు వదిలితే బ్యాంకులకు ఊపిరి వస్తుంది, డిపాజిటుదారుకు తన సొమ్ము చేతికొస్తుంది. అవి చిన్న సంగతులు కావు. అన్నం మాత్రం దానంతట అది రాదు. కేంద్ర బ్యాంకుకు బయటి ఆడిటరును ఒప్పించి, కొద్దికొద్దిగా వేలానికి డాలర్లు వదులుతూ, ఖర్చు చూసుకుంటూ పోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఒక్క దఫాలో ఇచ్చేయమనేవాళ్లూ, ఒక్క డాలరూ వద్దనేవాళ్లూ ఇద్దరూ పని ఎలా జరుగుతుందో చూడటం లేదు.

ఇరాన్ కథలో ఈ నాలుగో దెబ్బ ఇంకా స్పష్టంగా కనపడుతుంది. 2018లో అమెరికా ఆంక్షలు తిరిగి వచ్చాక మందులు నిషేధంలో లేవు, అయినా చర్మం ఊడిపోయే జబ్బు ఉన్న పిల్లల ప్రత్యేక కట్లు రావడం ఆగింది, ఎందుకంటే అమ్మేవాడు కూడా ఆ బ్యాంకుల్లాగే భయపడి ఇరాన్ వ్యాపారం మానుకున్నాడు. యూరప్ దేశాలు 2019లో ఇన్‌స్టెక్స్ అని ఒక ప్రత్యేక ఏర్పాటు చేశాయి. 2020 మార్చిలో ఒకే ఒక్క లావాదేవీ జరిగింది, 2023లో మూసేశారు. మన దేశం అంతకుముందే తెలివైన పని చేసింది: 2012 నుంచి చమురు బిల్లులో కొంత కలకత్తా యూకో బ్యాంకులో రూపాయల్లో జమ చేసి, ఆ రూపాయలతో ఇరాన్ మన బియ్యం, టీ, మందులు కొనుక్కునేలా పెట్టింది. 2019 మేలో చమురు కొనడం ఆపడంతో ఆ తొట్టి నిండటం ఆగింది.

ఇరాక్ గురించి ఒక హెచ్చరిక మాత్రం. ఆ దేశం మీద ఆంక్షలు పెట్టిన 1990 ఆగస్టు 6 నాటి భద్రతా మండలి 661వ తీర్మానం వల్ల అయిదు లక్షల మంది పిల్లలు చనిపోయారన్న మాట ఇంకా తిరుగుతోంది. 2003 తర్వాత చేసిన సర్వేల్లో శిశుమరణాలు ఆ లెక్కకు సరిపడా పెరిగిన జాడ లేదు. ఆ సంఖ్య సద్దాం ప్రభుత్వం సాయంతో చేసిన సర్వేలోంచి వచ్చింది. బాధ నిజం: నీటిశుద్ధి యంత్రాలకు విడిభాగాలు రాక ఊళ్లకు ఊళ్లు మురికినీళ్లు తాగాయి, చమురు అమ్మి తిండి కొనుక్కునే "ఆయిల్ ఫర్ ఫుడ్" పథకం కింద మొదటి సరుకు చేరేసరికి 1997 మార్చి వచ్చింది. ఆంక్షలను తిట్టడానికి తప్పుడు అంకె అక్కర్లేదు.

ఇంకో సంగతి మన దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదు. 2022 డిసెంబరు 9న 2664వ తీర్మానంతో భద్రతా మండలి తన ఆస్తుల స్తంభనలన్నిటికీ ఒకేసారి మానవతా మినహాయింపు ఇచ్చింది. 14 దేశాలు అవునన్నాయి, ఓటు వెయ్యకుండా ఊరుకున్న ఏకైక దేశం మనదే. స్వచ్ఛంద సంస్థల ముసుగులో ఉగ్రవాద సంస్థలు డబ్బు గుంజుతాయన్నది మన అభ్యంతరం. మన పొరుగు తెలిసినవాళ్లకు అది ఉట్టి సాకుగా అనిపించదు.

మూడో ప్రశ్న, మన నిల్వ. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు రష్యా నిల్వలు సుమారు 64,000 కోట్ల డాలర్లు, ఆగిపోయినవి దాదాపు 30,000 కోట్లు. అందులో 19,000 కోట్ల యూరోల దాకా బెల్జియంలో బాండ్లు భద్రపరిచే యూరోక్లియర్ సంస్థ దగ్గరే ఉన్నాయి. రష్యాలో ఆకలి రాలేదు, ఎందుకంటే చమురు, గ్యాసు అమ్మకంతో కొత్త డాలర్లు రోజూ వచ్చాయి. వడ్డీ రేటు ఒక్కసారిగా 20 శాతం చేసి రూబులును పట్టుకున్నారు. మనం చమురు కొనే దేశం, ఆ సుఖం మనకు లేదు. రిజర్వు బ్యాంకు ఈ మాట వేదిక మీద చెప్పదు, చేతల్లో చెబుతుంది: 2024 సెప్టెంబరు చివరికి 854.73 టన్నుల బంగారంలో 510.46 టన్నులు దేశంలోనే ఉన్నాయి, ఆ మార్చిలో ఇంట్లో ఉన్నది 408.31 టన్నులే. 1991లో 46.91 టన్నులు బయటికి పంపి తాకట్టు పెట్టిన దేశం ఇది. బాండ్లను మాత్రం బీరువాలో పెట్టుకోలేం, అవి ఎప్పుడూ ఎవరో ఒకరి పుస్తకంలో పద్దులే.

ఆంక్ష మీ గుణుపురందాకా వచ్చింది కూడా, ఎరువు బస్తా రూపంలో. మన పొటాష్ అంతా దిగుమతే. బెలారస్ పొటాష్ కంపెనీల మీద 2021లో ఆంక్షలు పడ్డాయి, 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా రైలు దారి మూసింది. రష్యా ఎరువుకు మినహాయింపు ఉన్నా ఓడ బీమా, చెల్లింపు దగ్గర చిక్కులు. ఆ ఏడు 50 కిలోల ఎంఓపీ (పొటాష్ ఎరువు) బస్తా 1,700 రూపాయలకు పోయింది. రైతు యూరియా వేసి పొటాష్ మానేశాడు. పత్తికి పొటాష్ చాలకపోతే కాయ పట్టే వేళకి ఆకు ఎర్రబడి ముందే రాలుతుంది. తెగులనుకుని మందు కొట్టి ఇంకో ఖర్చు తెచ్చుకుంటారు. ఇంగువ సంగతంటారా, కొట్టులో అమ్మే పొడి ఇంగువలో అసలు జిగురు కొద్దే, మిగతాది పిండి, తుమ్మ జిగురు. అందుకే ఢిల్లీ ఖారీ బావ్లీ మసాలా బజారులో ముద్ద ఇంగువ ఎగిరినంతగా మీ డబ్బా ధర ఎగరదు.

ఇక బావమరిది జీతం. ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: డబ్బు హోల్డ్‌లో ఉందా, రిజెక్ట్ అయిందా, బ్లాక్ అయిందా? హోల్డ్ అంటే ఎవరో అధికారి కాగితాల కోసం చూస్తున్నాడు. రిజెక్ట్ అయితే పంపినవాడి ఖాతాకు వెనక్కి వెళ్తుంది. అమెరికా బ్యాంకు దగ్గర బ్లాక్ అయితే విడి ఖాతాలో పడి, అమెరికా ఖజానా శాఖ లైసెన్సు ఇస్తేనే బయటికొస్తుంది. మీ గుణుపురం శాఖకు ఇది తెలియదు, వాళ్ల మీద కేకలేసి లాభం లేదు. పంపినచోటే అడగాలి. బ్యాంకు ద్వారా పంపితే యూఈటీఆర్ అనే 36 అక్షరాల నంబరు, స్విఫ్ట్ సందేశం నకలు తీసుకోమనండి. ఆ నంబరుతో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో కనపడుతుంది. ఎక్స్ఛేంజి హౌస్ అయితే రసీదు మీది రిఫరెన్సు నంబరు.

ఆగడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి పేరు: ఆంక్షల జాబితాలోని ఎవరి పేరుతోనో కలవడం, పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోవడం, పాస్‌పోర్టులో ఒకలా బ్యాంకులో ఇంకోలా రాయడం. దీనికి పాస్‌పోర్టు నకలు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీతో బంధుత్వం రాసిచ్చిన కాగితం చాలు. రెండోది ఓడ పేరు: జీతం వివరంలో ఓడ పేరు రాస్తారు, ఆంక్షల జాబితాలో మనుషులే కాదు, ఓడలూ ఉంటాయి. ఒకే పేరుతో పది ఓడలుంటాయి కాబట్టి ఒక్కో ఓడకు విడిగా ఉండే ఏడంకెల ఐఎంఓ నంబరు, పని ఒప్పందం, సీడీసీ (ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకం) పేజీ, ఆ నెల జీతం చీటీ ఒకేసారి ఇవ్వాలి. విడివిడిగా ఇస్తే ప్రతిసారీ వరసలో వెనక్కి వెళ్తారు. అది తేలేదాకా రెండోసారి డబ్బు పంపనివ్వకండి, అదీ అక్కడే ఇరుక్కుంటుంది. వివరం మార్చి ఓడ పేరు తీసేసి పంపితే దాచారన్న అనుమానం వస్తుంది, అది ఇంకా చెడ్డది. ఎవరో హవాలాలో తెచ్చిస్తానంటే వద్దనండి, ఫెమా (విదేశీ మారక చట్టం) కేసు మీ మీద పడుతుంది.

డబ్బు మన దేశంలో బ్యాంకుకు చేరి ఇక్కడే ఆగితే, రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి 30 రోజులు చూసి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. బయటి దేశం బ్యాంకులో ఆగినదానికి అంబుడ్స్‌మన్ పనికిరాడు. ఐఎంఓ నంబరు నిజంగానే జాబితాలో దొరికితే మాత్రం జీతం సంగతి పక్కనపెట్టి, తర్వాతి రేవులో దిగిపోయే మాట కంపెనీతో మాట్లాడమనండి. 2022 తర్వాత చమురు మోసే పాత ఓడలు చాలా అలాంటివే. వాటికి సరైన బీమా కూడా ఉండదు, ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చేవాడు దొరకడు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఏజెంట్లు కొత్త కుర్రాళ్లను ఎక్కిస్తున్నది ఏ ఓడో, సంతకానికి ముందే ఆ ఏడంకెలు అడిగి చూసుకోమని వాళ్లకూ చెప్పండి.